తాళంచెవి ఇచ్చిన జానీ బీ

షేక్ జానీ బీని నేను మొదట చూచినది తెనాలిలో, మా ఎదురింటి గాజుల కొట్టులో. ఇల్లూ కొట్టూ ఒకటే. రెండూ ఆమె స్వార్జితం. నాకు గాజులెక్కిస్తూ, “చెయ్యి వదలండి టీచరుగారూ! సుద్దముక్క పట్టుకున్నట్టు ఆ బిగబట్టడం ఏంటి?” అని గదమాయించింది. గాజులు ఏరి అందిస్తున్న యువకుణ్ణి చూపి, “మావాడు వాసిం. మా ఆయన మొదటి భార్య కొడుకు. నడక నేర్పింది మాత్రం నేనే” అన్నది.

భర్త గతించాడు; ఆమెకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. తన తరువాత అంతా వాసింకే చెందుతుందన్న విషయంలో ఆమెకు ఏనాడూ సందేహం కలుగలేదు.

2004లో బాపట్లలో ఆమె స్నేహితురాలు వీలునామా రాయకుండానే కన్నుమూసింది. పెంచుకున్న సవతి కూతురిని గుమ్మం బయట నిలబెట్టి, ఆ స్నేహితురాలి తోబుట్టువులు ఇల్లు పంచుకున్నారు. పరామర్శించి వచ్చిన జానీ బీ నేరుగా మా ఇంటికి వచ్చింది.

“రేపల్లెలో మా అన్న ఉన్నాడు కదండీ. నేను పోతే వాసింని కూడా ఇట్లాగే నిలబెడతారా?”

మసీదు పెద్ద బాబూలాల్ గారి ఇంటికి ఆమెకు తోడుగా వెళ్ళాను.

“షరియత్ ప్రకారం సవతి కొడుక్కి వాటా లేదు చెల్లెమ్మా. వీలునామా రాసినా మూడోవంతు దాటదు. బతికుండగానే హిబా చెయ్యి. అంటే దానంగా ఇచ్చెయ్యి. నోటితో అంటే చాలదు. ఇల్లు వాడికి అప్పగించి నువ్వు బయటికి రావాలి. నలుగురూ చూడాలి” అన్నారాయన.

శుక్రవారం నమాజు తరువాత ఆమె గుమ్మం ముందు నలుగురూ చేరారు. జానీ బీ నడుమున దోపుకున్న తాళంచెవి తీసి వాసిం చేతిలో పెట్టి, “ఈ ఇల్లూ కొట్టూ నీకిచ్చేశాను” అన్నది. “తీసుకున్నానమ్మా” అన్నాడు వాసిం, తల వంచుకుని. ఆమె తన ట్రంకుపెట్టెతో వీధి దాటి వచ్చి మా అరుగు మీద కూర్చున్నది. మరుక్షణమే లేచింది.

“అయ్యో, పొయ్యి మీద పాలు!”

“ఆగు చెల్లెమ్మా! అవి నీ పాలు కావు” అంటూ బాబూలాల్ గారు అడ్డు నిలిచారు.

“వాడికి పాలు కాచడం రాదు భాయ్!”

“మాడితే వాడి గిన్నె మాడుతుంది. నీకేంటి?”

అందరమూ నవ్వాము. మాడు వాసన మా అరుగు దాకా వచ్చింది. జానీ బీ మాత్రం పెట్టెను కావలించుకుని, పళ్ళు బిగించి, కదలక కూర్చున్నది.

సాయంత్రం వాసిం వచ్చాడు. “అమ్మా, మా ఇంటికి రా. గిన్నె ఎంత తోమినా వదలట్లేదు.”

“చూశారా, ఇల్లుగలాయన పిలుస్తున్నాడు!” అంటూ ఆమె లేచింది. తాళంచెవిని మరల నడుమున దోపుకోలేదు. బయటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా, “తలుపు తియ్యండి ఇంటాయనగారూ!” అని వీధికంతకూ వినబడేలా కేక వేసేది.

2008లో ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకున్నది. “నేను పోయాక రేపల్లె వాళ్ళు వస్తారు టీచరుగారూ. ఇల్లు వదిలి, పెట్టె పట్టుకుని మీ అరుగు మీద కూర్చున్నానని మీరే చెప్పాలి. మీ మాట ఎవరూ కాదనరు. పాల కోసం లేచానని మాత్రం చెప్పకండేం?”