రెండు దొరతనాల నడుమ ఒక గరగ

నేను యానాం వెళ్లింది ఒక రహదారి చీటీ సంపాదించడానికి. చీటీ నాకు కాదు, అమ్మవారికి.

యానాం ఏటి ఒడ్డున పరాసుల ఏలుబడిలో ఒక పల్లెపాలెం ఉంది. ఫ్రెంచివారిని మావైపు పరాసులంటారు. ఆవలి ఒడ్డు ఇంగ్లీషువారిది. అక్కడ ఇంకో పాలెం. ఈవలి అమ్మవారు చెల్లెలు, ఆవలి అమ్మవారు అక్క. ఏటా వేట మొదలుపెట్టే ముందు చెల్లెలి గరగను, అంటే అమ్మవారు కొలువున్న కుండను, నెత్తిన పెట్టుకుని ఏరు దాటించి అక్కచేత చీర పెట్టిస్తారు. ఆ చీర వచ్చేదాకా రెండు పాలేల్లోనూ వల తడవదు.

ఆ ఏడు ఆవలి ఒడ్డుకు కొత్తగా వచ్చిన జమాదారు, పరాసు సరుకేదీ చీటీ లేకుండా దిగరాదన్నాడు. సరుకు కాదు బాబూ, అమ్మవారు అంటే, అయితే మనిషి చీటీ కావాలన్నాడట. పది రోజులుగా వలలు ఎండుతున్నాయి, పిల్లల గంజి పలచబడుతోంది. అర్జీలు రాయడంలో నా అంతటివాడు గోదావరికీ కృష్ణకూ మధ్య లేడని ఎవరో చెప్పగా, పరాసు పాలెం పెద్ద గంగన్న రాజమండ్రి వచ్చి నా గుమ్మం ఎక్కాడు. ఆ ఎవరో నేనే కావచ్చు.

మధ్యాహ్నం మూడింటికి ఒంటెద్దు బండి కట్టించుకుని, అయిదింటికి ధవళేశ్వరం లాకుల దగ్గర కోరంగి కాలవ పడవ ఎక్కాం. మనిషికి నాలుగణాలు. పడవ వేగం ఎంతంటే, గట్టు మీద మేస్తూ వచ్చిన గేదె మాకన్నా ముందు రెండో లాకు చేరి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి జాలిపడింది. పక్కన కూర్చున్న పొగాకు వ్యాపారి నా పని విని, "ఇంతకీ అమ్మవారు ఎవరి ప్రజండీ? పరాసు ప్రజా, మన ప్రజా?" అన్నాడు. తెల్లవార్లూ నన్ను నమిలింది ఆ ప్రశ్న ఒకటి, దోమలు రెండు. ఒక్కొక్క దోమా కొంగంత.

మర్నాడు పదకొండింటికి ఇంజరంలో దిగి యానాం దాకా నడిచాం. పూటకూళ్లమ్మ ఇంట్లో భోజనం. ఆవిడ మజ్జిగలో చిలికిన చుక్క ఒకటి, మిగతాది గోదావరి.

రెండింటికి ఏరు దాటి జమాదారు చావడికి వెళ్లాను. అతనిచ్చిన ఫారం ధవళేశ్వరం ఆనకట్టంత పొడవుంది. వృత్తి అన్నచోట రక్షణ అని రాశాను. వయసు అన్నచోట, ఏటా ఒకటే అని రాశాను. ఎవరి ప్రజ అన్నచోట మాత్రం నా తెలివి పొంగింది. అక్కగారు ఇక్కడే ఉన్నారు గనుక పుట్టుకచేత ఇంగ్లీషు ప్రజ అని రాసి జమాదారును మురిపించాను. నాలుగింటికి తిరిగొచ్చి, పరాసు కచేరీలో నివాసంచేత పరాసు ప్రజ అని రాసి వారినీ మురిపించాను.

ఆరింటికి ఇరువైపులవారూ ఆ కాగితాలు ఒకరివి ఒకరు తెప్పించుకుని చదివారు. ఈ రెండు దొరతనాలూ ఇంత శ్రద్ధగా ఒకరి మాట ఒకరు విన్నది అదే మొదలు. ఇంగ్లీషు ప్రజ అయితే ఇన్నేళ్లు మా గడ్డ మీద చీటీ లేకుండా ఎలా ఉందన్నారు పరాసువారు. పరాసు ప్రజ అయితే ఇన్నేళ్లు దొంగచాటుగా ఏరు దాటిందన్నమాట అన్నాడు జమాదారు. నిన్నటిదాకా అమ్మవారికి వెళ్లడానికే వీల్లేదు. నా పుణ్యాన ఇప్పుడు ఉండటానికీ వీల్లేకపోయింది.

 గంగన్న నన్ను అనవలసింది వాళ్లమ్మ సత్తెమ్మ అంది. గరగ ఎత్తేది ఆవిడే. "పంతులుగారూ, తమరు రాసింది చాలండి. కాసేపు ఆ అరుగు మీద కూకోండి." తర్వాత కొడుకువైపు తిరిగింది. "ఒడ్డెక్కడానికి కదరా చీటీ? నడి ఏరు ఎవుడి బాబుదిరా?"

ఆ రాత్రే ఆవలి పాలేనికి కబురు వెళ్లింది. పొద్దున ఎనిమిదింటికి ఇటునుంచి గంగన్న పడవ, అటునుంచి అక్కగారి పడవ ఏటి నడిమికి వచ్చాయి. రెంటినీ పక్కపక్కన చేర్చి కొబ్బరిపీచు తాడుతో బిగించారు. పెద్ద వల లాగేటప్పుడు వీళ్లు ఎప్పుడూ చేసే పనే. గరగలు ఎదురెదురుగా కూర్చున్నాయి. అక్క చీర పెట్టింది, చెల్లెలు పసుపు పూసుకుంది, అందరికీ గారెలు పంచారు. హద్దు మీరితే పట్టుకుందామని జమాదారు చిన్న పడవలో వచ్చి, ఈ పడవలో ఒక కాలు, ఆ పడవలో ఒక కాలు వేసి నిలబడి, హద్దు ఎక్కడని గద్దించాడు.

"తమరి కాళ్ల నడుమేనండి బాబూ. గారెలు తినండి," అంది సత్తెమ్మ.

అతను నాలుగు తిన్నాడు. కనిపెట్టడానికి వచ్చిన పరాసు బంట్రోతు అదే విస్తట్లో అయిదు తిన్నాడు. సామ్రాజ్యాల మధ్య పోటీ అంటే అలా ఉండాలి.

పదింటికి తాడు విప్పేశారు. రెండు దేశాల ఐక్యత నిండా రెండు గంటలు నిలిచింది. మధ్యాహ్నానికి రెండు ఒడ్డుల వలలూ తడిశాయి.

మూడింటి పడవకు గంగన్న నా మూట మోసుకొచ్చి ఎక్కించాడు. "వచ్చే ఏడూ తప్పకుండా రండి పంతులుగారూ. కాగితాలు మాత్రం తేకండి," అన్నాడు.

పడవలో మళ్లీ ఆ పొగాకు వ్యాపారే. ఇంతకీ ఎవరి ప్రజని తేలిందండీ అని అడిగాడు. తేలలేదన్నాను. గట్టు మీద గేదె మమ్మల్ని దాటిపోతుంటే కూర్చుని లెక్క వేసుకున్నాను. పొరుగు రాజ్యాలు రెండు కలవాలంటే కావలసినవి రెండు పడవలు, పది బారల తాడు. ఆ పైన, నాబోటివాడు కాసేపు అరుగు మీద కూర్చోవాలి.