ముక్కు జిడ్డు అంటని చుక్క

కళ్ళజోళ్ళాయనకు మనుషులంటే ద్వేషం లేదు. వాళ్ళ ముక్కులంటేనే రోత. ఏళ్ళ తరబడి దుకాణంలో కూర్చుని నలుగురి కళ్ళజోళ్ళూ బాగుచేశాడు. ముక్కు మీద ఆనే చిన్న దిండ్ల కింద పచ్చగా పేరుకున్న చెమట, చెవి వెనక వంపుకి అంటిన గులిమి, తలనూనె, పొట్టులా రాలే చర్మం అన్నీ సూదితో గీకి, సబ్బునీళ్ళతో కడిగి, "బాగా కనిపిస్తోందా అండీ?" అని నవ్వుతూ చేతికిచ్చేవాడు. వాళ్ళు మెట్లు దిగగానే మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. అయినా ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఎవరిదో గులిమి గుర్తొచ్చేది.

టెలిస్కోపు పిచ్చి అందుకే పట్టింది. ఎవరి ముక్కూ తగలని వెలుగు ఒక్కటైనా చూడాలనుకున్నాడు. ఇంటి వెనక గదిలో చేరి పెద్ద అద్దాన్ని చేత్తోనే అరగదీశాడు. దానికి వెండిపూత వేయించి గొట్టం అడుగున కూర్చోబెట్టాడు. ఇక మిగిలింది చిన్న అద్దం. కోడిగుడ్డు ఆకారంలో అరచేతిలో ఇమిడిపోతుంది. కింది అద్దం పోగుచేసి పంపిన వెలుగును పక్కకు మళ్ళించి కంటికి అందించడం దాని పని. దాన్ని ఏటవాలుగా కోసిన కొయ్యబిళ్ళకు అంటించి, గొట్టం మూతి దగ్గర సన్నటి రేకుల మధ్య నిలబెట్టాలి.

ఈలోగా ఆ గది మీద బావమరిది కన్ను పడింది. పాత బూట్లు కొని, కుట్టి, మెరుగుపెట్టి అమ్ముకుంటాడు వాడు. సరుకంతా వీధిలో తడుస్తోందని అక్క దగ్గర మొరపెట్టుకున్నాడు. అక్క తీర్పు చెప్పింది.

"ఆదివారం సాయంత్రం ఆ గొట్టంలో చుక్క చక్కగా కనిపిస్తే గది మీది. లేదా, తమ్ముడి బూట్లు లోపలికొస్తాయి. ఎన్నాళ్ళండీ ఈ భాగోతం?"

"ఎవరెవరి కాళ్ళవో ఏమో..." అన్నాడాయన, చేతులు పంచెకు తుడుచుకుంటూ.

"కాళ్ళేగా బావా! ఇన్నాళ్ళూ ముక్కుల మీద బతకలేదూ?" అన్నాడు బావమరిది.

చిన్న అద్దం వెనక మెత్తగా ఆరే రబ్బరు జిగురు మూడుచోట్ల ఎడమెడంగా బొట్లు పెట్టాలి. గాజుకూ కొయ్యకూ నడుమ కాస్త వెసులుబాటు ఉండాలి, లేకపోతే గాజు వంగుతుంది. ఇదంతా ఆయనకు కంఠతా వచ్చు. అలాగే పెట్టాడు కూడా. పెట్టి చూస్తే కాకి రెట్టల్లా, చీమిడి కారినట్టు ఉన్నాయి. ఒళ్ళు జలదరించింది. తుడిచిపారేశాడు. రాయిలా గట్టిపడే జిగురు తెచ్చి, గోడకు సున్నం కొట్టినట్టు వెనకంతా నున్నగా పూసి, అదిమిపట్టాడు. ఎక్కడా మరక లేదు. శుభ్రంగా ఉందని మురిసిపోయాడు.

ఆదివారం చీకటి పడగానే గొట్టాన్ని డాబా ఎక్కించారు. స్క్రూలు తిప్పి చిన్న అద్దాన్ని సరిచేసి, ఒక చుక్క మీదికి మళ్ళించి కన్ను పెట్టాడు. చుక్క సాగిపోయి ఉంది. కన్ను ఆనించే గాజుబిళ్ళను, ఆ కంటిబిళ్ళను, లోపలికి నెడితే నిలువుగా, బయటికి లాగితే అడ్డంగా సాగుతోంది. నడుమ ఎక్కడా చుక్కగా ముడుచుకోవడం లేదు. ఆ జిగురు గట్టిపడుతూ గాజును గుంజేసింది. ఆయనకు క్షణంలో అర్థమైంది.

"మెరుస్తోందండీ. కాస్త అలుక్కుపోయినట్టుంది. చుక్కలంటే ఇంతేనా?" అంది ఇల్లాలు.

బావమరిది ఆమెను తోసుకొచ్చి, చెమట చెంపను కంటిబిళ్ళకు ఆనించేశాడు. "అబ్బో! రెక్కలున్నాయక్కా దీనికి! గది నీదే పో బావా, బూట్ల సంగతి నేనే చూసుకుంటా."

వాడు తల ఎత్తేసరికి గాజు చుట్టూ జిడ్డు వలయం మిగిలింది. ఆయన పంచె కొంగుతో తుడిచి మళ్ళీ చూశాడు. జిడ్డు పోయింది. చుక్క మాత్రం నలిగిన పురుగులాగే ఉంది. ఊఁ అంటే చాలు, గది దక్కుతుంది. ఊఁ అంటే బతికినన్నాళ్ళూ ఆ గదిలో కూర్చుని ఈ పురుగునే చూడాలి. తన చేతి మకిలి చూసి ఆయనకు వాంతి వచ్చినంత పనైంది.

"చుక్కలు ఇలా ఉండవు. అద్దం వంగింది. వంచింది నేనే" అన్నాడు.

"నోరు మూసుకుంటే పోయేది కదండీ! మేం కనిపెట్టామా?"

"మీరు కనిపెట్టరే. చూడాల్సింది నేను కదా."

బావమరిది ఆ మాటకు తల గోక్కున్నాడు. జాలిపడ్డాడు గానీ ఆలస్యం చెయ్యలేదు. తెల్లారేసరికి బండి మీంచి బూట్ల మూటలు దిగాయి. గొట్టం ఓ మూలకు జరిగింది. తడి తోలు కంపు ఇల్లంతా కమ్ముకుంది.

"బావా, ఆ కొస పట్టుకో. బరువుగా ఉంది."

ఆయన పట్టుకున్నాడు. మూట అడుగు చెమ్మగా, ఎవరో ఇప్పుడే కాళ్ళనుంచి ఊడదీసినట్టు వెచ్చగా తగిలింది. మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, గడప దాటించాడు.