కత్తిరి ఎండలో వెన్నముద్ద

నా భార్య పోయిన వారం కన్నుమూసింది. పిళ్ళైచావడి బస్సులో ఎవరో నా భుజం తట్టి, "టీచరక్క పోయిందంటనే" అన్నారు. అవునన్నాను. ఆమె గురించి చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే రాస్తున్నాను.

ఆమె బడిలో సైన్సు చెప్పేది. సాయంత్రాలు మా తిన్నె మీద వీధి పిల్లలకు ఆకాశం సంగతులు తెలుగులో చెప్పేది. వాళ్లు చదివేది అరవ బడిలో; తెలుగు చదవడం రాదు, వింటే బాగా అర్థమవుతుంది. మాటల్లో పడి కాఫీ చల్లారబెట్టుకోవడం ఆమెకు అలవాటు. "తెలిసింది దాచుకుంటే పులిసిపోతాది" అనేది.

బుధగ్రహం వైపు అంతరిక్ష నౌకను పంపిన రోజులవి. సూర్యుడికి అంత దగ్గర పోయినా అది మాడదని పిల్లలకు చెప్పింది. ఎండ వైపు పింగాణీ దారంతో నేసిన తెర ఉంటుందట. తెర నిప్పులా కాగినా, దాని నీడలో యంత్రాలు మన ఇంట్లో ఉన్నంత చల్లగా ఉంటాయట.

ఎదురింటి అత్త నమ్మలేదు. "పిల్లోళ్లకి ఏందమ్మే ఈ అబద్దాలు?" అని పందెం వేసింది. నడివేసవి కత్తిరి ఎండలో, మా మిద్దె మీద, తెర నీడన వెన్నముద్ద పెట్టాలి. కరిగితే తిన్నె మీద పాఠాలు ఆపేయాలి. వెన్న అత్తదే. మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది.

తెల్ల దుప్పటి కట్టి, పొద్దు జరిగేకొద్దీ తనే జరిపింది. నౌక కూడా తెరను సూర్యుడికి ఎదురుగానే ఉంచుతుందని చెబుతూనే ఉంది. భోజనాల వేళకు ముద్ద నూనె అయింది. వీధంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వింది.

"తప్పు నాదే అత్తా. ఈడ గాలుండాది, నీడలో కూడా వేడిగాలి తాకతాది. ఆడ గాలే లేదు. అది మరిచినాను."

అత్త గిన్నె తీసుకుపోయి నెయ్యి కాచుకుంది. ఆ సాయంత్రం తిన్నె ఖాళీ. మా ఆవిడ లోపల పేపర్లు దిద్దుతూ మాటిమాటికీ వాకిలి వైపు చూసింది.

మర్నాడు అత్త వచ్చి కూర్చుంది. "గాలే లేకుంటే ఎండ ఎట్టా వస్తాదమ్మే?"

"పందెం ఓడినాను గదత్తా."

"పందెం పిల్లోళ్ల పాఠాల సంగతి. నాకు చెప్పు."

అత్త వెనక పిల్లలు అప్పటికే సర్దుకుని కూర్చున్నారు. ఎండ రావడానికి గాలి అక్కర్లేదని ఆమె మొదలుపెట్టింది. ఆ తరువాత ఏ సాయంత్రమైనా అత్తే ముందు వచ్చేది.

నిన్న కూడా వచ్చింది. తిన్నె ముందు నిలబడి, పడమటి ఎండకు చేట అడ్డం పట్టింది. పిల్లలు ఒకరినొకరు నెట్టుకుంటూ, నవ్వుతూ, ఆ నీడలోకి దూరుతున్నారు.