ఉప్పు అన్న మాట

మా ల్యాబ్ సారు పోయిన గురువారం చనిపోయారు. తోటపల్లి గూడూరులో వాళ్లింటి ముందు పాడె ఇంకా లేవనే లేదు, ఒకాయన పక్కవాళ్లతో అన్నాడు: "మంచోడే గానీ, ఆఖర్న బ్యాచ్ పాడుచేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు." ఆ బ్యాచ్ పాడుచేసింది నేను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మావాళ్లు ఉప్పు మడుల్లో పనిచేస్తారు. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదటిదాన్ని. నేను చేరిన ఫ్యాక్టరీలో రొయ్యల ప్లాంట్ల మురుగునీటిని తేటపరిచే పాలిమర్ చేస్తారు. నీళ్లలో కరిగే పదార్థం అది. ఉత్త నీళ్లలో తయారుచేస్తే జిగురు ముద్దవుతుంది. అమ్మోనియం సల్ఫేటు బాగా కలిపిన నీళ్లలోనైతే కరగలేక, సన్నని రేణువులుగా విడివిడిగా ఉండిపోతుంది. "మజ్జిగ మాదిరి ఉండాల. గరిటెకి అంటుకునిందా, మన పని అయిపోయినట్టే" అనేవారు సారు. తయారయ్యాక ఒక చుక్క మంచినీళ్లలో వేసి, కిటికీ వెలుగుకు పట్టి, అది కరిగి నీళ్లు చిక్కబడేదాకా ఎవరు పిలిచినా పలికేవారు కాదు.

ల్యాబ్‌లో సల్ఫేటును అందరూ ఉప్పు అనే అంటారు. నేను చేరిన రెండో నెలలో సారు ఫోన్ చేసి, "ఉప్పు ఎక్కించమ్మా" అన్నారు. సల్ఫేటును అలా అంటారని నాకప్పటికి తెలీదు; మడుల్లో పెరిగిన మాకు ఉప్పంటే ఒకటే. నీళ్ల శుద్ధి కోసం తెచ్చిన మామూలు ఉప్పు బస్తాలు విప్పించి ట్యాంకులో పోయించాను. మధ్యాహ్నానికి సరుకంతా ముద్దకట్టి, కలియబెట్టే స్టిర్రర్ ఆగిపోయింది.

"ఏందమ్మా ఏసినావు?"

"ఉప్పే సార్."

సారు బస్తా మీది అచ్చు చదివారు. "పులుసులోకైతే సరిపొయ్యేది" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. "నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలా. మేనేజర్ కాడ నోరు తెరవబాక. ఉప్పు అని చెప్పింది నేను గదా."

రిజిస్టరులో తప్పు తన పేరనే రాసుకున్నారు. నెల తిరక్కుండానే ఆయన్ని తీసేశారు. నేను నోరు తెరవలేదు.

తర్వాత ఒకసారి వాళ్లింటికి వెళ్తే ఒక్కటే అడిగారు: "బస్తాల మీద పేర్లు పెద్దగా రాస్తా ఉండారా?"

"రాస్తున్నాం సార్."

"ఆఁ, అది చాల్లే."

మొన్న ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "మా ఆయన చేసిన తప్పుకి మీరందరూ తిట్లు తిన్నారంట గదమ్మా, ఏమనుకోబాకండి" అన్నారు.

రిజిస్టరులో ఆ పేజీ దిద్దమని యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చాను; సాక్ష్యం కావాలన్నారు. ఆ రోజు షిఫ్టులో ఉన్నవాళ్లు, బస్తాలు విప్పించింది నేనేనని రెండు ముక్కలు రాసి, వచ్చే నెల ఐదో తేదీలోగా నాకు పంపండి. పదకొండున సారు మాసికం. దిద్దిన పేజీ నకలు ఆరోజు ఆమె చేతికి ఇవ్వాలి.