పత్తర్‌గట్టి లైనక్స్ మేడం

మా లైనక్స్ మేడం పోయారు. మొన్న వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "పొద్దుగాల అక్క పోయిందన్నా. మీకైతె చెప్పాలె అనిపిచ్చింది," అన్నాడు.

పత్తర్‌గట్టిలో బట్టల దుకాణాల పై అంతస్తులో ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను అకౌంట్స్ చెప్పేవాణ్ణి, ఆవిడ కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ చెప్పేవారు. లాల్‌దర్వాజాలో పాలవ్యాపారం చేసే ఇంటి ఆడపడుచు. పొద్దున్నే వాడుక ఇళ్లకు పాలు పంపించి, ఆ తర్వాత క్లాసుకు వచ్చేవారు. ఏ ఫైలు ముట్టుకున్నా ముందు దానికి నకలు తీసేవారు. "పాతది దాసుకోకుండ కొత్తది రాయొద్దు," అనేవారు. కంప్యూటరంటే బెదిరిపోయే నాకు కూడా ఒక్కసారీ విసుక్కోకుండా నేర్పారు.

"మనం పేరుతోని పిలుస్తం. మిషన్‌కు నంబర్ గావాలె. ఏ పేరుకు ఏ నంబరో ఎవర్నన్న అడగాలె గద? ఎవర్ని అడగాల్నో గీ ఫైల్ల రాస్తం," అంటూ, పేర్లకు నంబర్లు చెప్పే నేమ్‌సర్వర్ నంబర్‌ను పిల్లల చేతే కొట్టించేవారు. సైటు దొరకలేదని ఎవరైనా అంటే, "అది లేదని కాదు. నువ్వు అడిగిన జాగ తప్పు," అని నవ్వేవారు.

ఇన్‌స్టిట్యూట్‌కు ఇంటర్నెట్ వచ్చినప్పుడు ల్యాబ్ మొత్తానికి ఆ ఏర్పాటు ఆవిడే చేశారు. ప్రారంభం రోజున తల్లిదండ్రులందరినీ పిలిచి ఓనర్ మౌస్ పట్టుకుంటే ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు.

"ఆడోళ్లకు అప్పజెప్పిన జూడు, నాది బుద్ధి తక్కువ," అన్నాడు అందరూ వినేలా.

ఆవిడ కుర్చీ లాక్కుని, ముందు బయటి మిషన్‌ను నంబర్‌తో పిలిచి చూశారు. జవాబు వచ్చింది. పేరుతో పిలిస్తే రాలేదు. ఫైలు తెరిస్తే నేమ్‌సర్వర్ నంబర్ మారి ఉంది. ముందురోజు సాయంత్రం స్పీడు పెంచుతానని ఆ మిషన్ ముందు కూర్చున్నది ఓనర్ బామ్మర్ది. నేను చూశాను. ఆవిడ తన నకలు తెచ్చి పెట్టగానే పేజీ వచ్చింది, చప్పట్లు మోగాయి. ఓనర్ తన బామ్మర్ది భుజం తట్టి, "గిదంత మావోడు జేసిందే," అన్నాడు.

మెట్లు దిగుతూ, ఉండబట్టలేక, "ఎవరు పాడుచేశారో చెప్పొచ్చుగా మేడం," అన్నాను.

"చెప్తె ఏమైతది సార్? పిలగాండ్ల ముంగట లొల్లి. ఆళ్లకు పేజీ వచ్చింది గద," అన్నారు.

ఆ నెలలోనే ల్యాబ్ బామ్మర్ది చేతికి పోయింది. ఆవిడకు టైపింగ్ క్లాసులు మిగిలాయి. తర్వాత కిడ్నీలు పాడై, డయాలిసిస్ రోజులకు సెలవు అడిగితే, "ఇంట్లనే రెస్ట్ తీస్కోమ్మా," అంటూ ఓనర్ నవ్వుతూనే ఉద్యోగం తీసేశాడు. ఆ నవ్వును నేను క్షమించలేను.

అంత్యక్రియలకు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక్కరూ రాలేదు. నిన్న అటువైపు వెళ్తే మెట్ల దగ్గర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. చేతులు జోడించిన ఓనర్ నిలువెత్తు బొమ్మ, కింద మూలన చిన్న గుండ్రంలో మేడం. ఏ గ్రూప్ ఫొటోలోంచో కత్తిరించినట్టున్నారు. పక్కన నిలబడిన అమ్మాయిది కాబోలు, ఒక చెయ్యి ఇంకా ఆవిడ భుజం మీదే ఉంది.