బోర్లించిన గంగాళాలు

మా మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్ళల్లో పర్వతాలు సారు పేరు చెబితే ఇప్పటికీ చేతులు జోడించేవాళ్ళున్నారు. రెండు జతల తెల్లబట్టలు, ఒక పళ్ళెం, ఒక చెంబు, ఒక గొంగడి. ఇంతకంటే ఎక్కువ ఆయన దగ్గర ఏమీ లేదని చెప్పుకుంటారు. నేను ఆయనకు మూడో ఇంటివాణ్ణి. ఆయన చేతికిందే ఐదో తరగతి దాకా చదివాను. పదోది తప్పినంక చదివిందంతా మండలం లైబ్రరీలో నా అంతట నేను చదువుకున్నదే. ఆ పుస్తకాల నిండా త్యాగులే. వాళ్ళ భార్యలు నీళ్ళు ఎక్కడినుంచి మోసుకొచ్చేవాళ్ళో ఒక్క పుస్తకంలోనూ రాసి లేదు. అందుకని ఈ ఒక్క త్యాగి సంగతైనా రాసిపెడుతున్నాను.

తొంభై ఒకటి ఎండాకాలం సెలవుల్లో సారు మోకాళ్ళ నొప్పులకని హైదరాబాదు అవతల ఏదో ప్రకృతి వైద్యం ఆశ్రమంలో పదిహేను రోజులు ఉండివచ్చాడు. నొప్పులు అట్లాగే ఉన్నాయి గాని, ఒక సిద్ధాంతం వెంట తెచ్చుకున్నాడు. మనిషికి అసలు రోగం వస్తువులేనని అక్కడ ఒక పెద్దమనిషి చెప్పాడట. బడి ముందర, పంచాయతి అరుగు మీద, హోటల్లో, దొరికినవాణ్ణల్లా ఆపి అదే చెప్పేవాడు. చేతి గడియారం అల్లుడికిచ్చేశాడు. అప్పటినుంచి ఊళ్ళో ప్రతి మనిషినీ నిలబెట్టి టైమెంతయిందని అడగడం మొదలుపెట్టాడు. రేడియో పంచాయతికి ఇచ్చాడు. రోజూ సాయంత్రం వార్తల వేళకు పోయి ఆ రేడియో పక్కనే కూర్చునేవాడు. ఇంట్లో వింటే వ్యామోహం, పంచాయతి అరుగు మీద వింటే వైరాగ్యం కాబోలు.

తరువాత బట్టలు. ఆరు జతల్లో నాలుగు పంచిపెట్టాడు. ఊరంతా మెచ్చుకుంది. ఆరు జతలున్నప్పుడు వారానికి ఒకసారి ఉతికే ఆయన భార్య సత్తమ్మ, రెండు జతలయ్యాక రోజూ ఉతకాల్సి వచ్చింది. మా బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదు, తెల్లబట్ట నాలుగు ఉతుకులకు పచ్చబడిపోతుంది. ఆ తెల్లదనం కోసం ఆమె కిలోమీటరు దూరంలోని వ్యవసాయ బావి నుంచి బిందె మోసేది. ఆ నీళ్ళు ఉతకడానికే గాని తాగడానికి పనికిరావు. సారు బట్టలు ఎంత తెల్లగా ఉంటాయో చూడమని మా అమ్మే నాకు చాలాసార్లు చెప్పింది. పెండ్లయినప్పటినుంచి తాను కూడా బిందెలు మోస్తున్న మనిషే.

నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఫ్లోరిన్ ఉన్న మా బోరు నీళ్ళు తాగినవాళ్ళకు పండ్లు గారపడతాయి, నడుము బిగుసుకుపోతుంది, పసిపిల్లలకు కాళ్ళు వంకర పోతాయి. సత్తమ్మ బిడ్డ జంగమ్మను ఇచ్చిందీ ఇట్లాంటి ఊరికే. ఆమె మొదటి పిల్ల స్వరూపకు నాలుగేండ్లు. మోకాళ్ళు బయటికి వంగి, నడిస్తే పడవలాగ ఊగుతుంది. నల్లగొండలో డాక్టరు చూసి, ఈ పిల్లకు చేయగలిగింది పెద్దగా లేదని, మళ్ళీ కడుపైతే తల్లికి బోరు నీళ్ళ చుక్క కూడా పోయొద్దని చెప్పాడు.

అప్పటినుంచి సత్తమ్మ వాన నీళ్ళు పట్టడం పనిగా పెట్టుకుంది. జూన్ మొదట్లో, మిరుగం కార్తెలో మొదటి వాన దుమ్ము కడిగిపోయాక, రెండో వానకు వాకిట్లో నాలుగు గుంజలకు ఉతికిన చీర కట్టి, నడుమ ఒక గుండ్రాయి వేసేది. చీర మీద పడ్డ నీళ్ళన్నీ రాయి దగ్గరికి జారి కింద పాత్రలో పడతాయి. రెండు ఇత్తడి గంగాళాలు, పదకొండు మట్టి కాగులు నింపి, మూతులకు గుడ్డ కట్టి, చీకటి అర్రలో పెట్టేది. అవి మళ్ళీ ఎండాకాలం దాకా. వైశాఖం చివరికి నీళ్ళు అయిపోతే కాగులు బూడిదతో, గంగాళాలు చింతపండుతో తోమి, వాకిట్లో ఎండకు బోర్లించేది. వానలకు ముందు గంగాళాలకు లోపల తగరం కళాయి పూయాలి, లేకుంటే నీళ్ళు చిలుము పడతాయి. మా వాడలో యాకూబ్ ఆ పనిచేస్తాడు.

ఆ ఏడు జంగమ్మకు మళ్ళీ నెల తప్పింది. ఐదో నెల పడగానే తెచ్చుకుంటానని సత్తమ్మ ముందే చెప్పి పెట్టింది. పాత్రలన్నీ తోమి బోర్లించి, కళాయికి యాకూబ్‌కు చెప్పి, బిడ్డను తేవడానికి పోయింది. మూడు రోజులు.

ఆ మూడు రోజుల్లో సారు వాకిలి చూశాడు. నేను అటే పోతుంటే పిలిచి చూపించాడు. వరుసగా పదమూడు పాత్రలు.

"చూసినవా? ఇద్దరు మనుషులకు పదమూడు. అన్ని ఖాళీవే. వాడేది లేదు, ఇడిచేది లేదు. లోభమంటే గిదే" అన్నాడు.

ఈయన పుట్టింది ఈ ఊళ్ళోనే. వాళ్ళమ్మ చీర కట్టి పట్టిన వాన నీళ్ళు తాగే పెరిగాడు. కానీ యాభై ఏండ్లలో ఒక్కసారి గుంజ పాతలేదు, ఒక్కసారి కాగు మూత తీయలేదు. నీళ్ళు ఆయనకు చెంబులోనే తెలుసు. పాత్ర బోర్లించి ఉందంటే దానితో పనిలేదని ఆయన లెక్క. ఆ పని పదిరోజుల్లో మొదలవుతుందని ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. ఆయన అడగలేదు. నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు. సారుకు ఎదురు చెప్పే అలవాటు అప్పటికింకా నాకు లేదు.

ఒక గంగాళం బస్సు మీద వేయించి ఆశ్రమానికి పంపాడు. రెండోది యాకూబ్ భార్య బషీరున్నీసాకు ఇచ్చాడు. పదకొండు కాగులూ బడికి మోయించి, ఒక్కోదాని అడుగున బొటనవేలు పట్టేంత బొక్క కొట్టించి, మట్టి నింపించి క్రోటన్ మొక్కలు పెట్టించాడు. మండలం నుంచి ఒక అధికారి వచ్చి మొదటి మొక్కకు నీళ్ళు పోసి, ఇట్లాంటి గురువు దొరకడం మన అదృష్టమన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

సత్తమ్మ వచ్చేసరికి వాకిలి ఊడ్చినట్టుంది. పాత్రలు యాడున్నయని మాత్రం అడిగింది. ఆయన సంతోషంగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆమె బిడ్డను నీడకు కూర్చోబెట్టి బడికి పోయింది. ఒక కాగులో మట్టి ఒంపి, అడుగున బొక్కలో వేలు పెట్టి చూసి, మళ్ళీ మట్టి నింపి, మొక్కను అందులోనే పాతి వచ్చింది.

ఆరో రోజు మంచి వాన పడింది. వాడలో ఇంటింటా వాకిట్లో చీరలు లేచాయి. సత్తమ్మ కూడా కట్టింది. కింద ఒక బిందె, అన్నం గిన్నె, కూర గిన్నె పెట్టింది. అవి చీర కట్టినంత సేపట్లోనే నిండాయి. మిగిలిన నీళ్ళు ఆమె కాళ్ళ మీద నుంచి బజారులోకి పోతుంటే జంగమ్మ కడుపు మీద చేయి పెట్టుకుని గడపలో నిలబడి చూసింది. సారు అరుగు మీద కూర్చుని, ప్రకృతి మనకెంత కావాల్నో అంతే ఇస్తుందని అన్నాడు. ఈ మాట నేను కల్పించింది కాదు.

వాన వెలిశాక బషీరున్నీసా వచ్చింది. సారు వాళ్ళకిచ్చిన గంగాళం కళాయి వేసి ఉంది, అంచు దాకా నిండింది.

"అక్కా, సారు ఇచ్చిండంటే నీకు ఎరుకుండే ఇచ్చిండనుకున్న. నా కోడలు నీళ్ళు పోసుకొని ఉంటే నా గిన్నెలు నువ్వు తీస్కపోతవా? వచ్చి తీస్కపో. నీళ్ళతోని తీస్కపో" అంది.

కర్రకు కట్టి యాకూబ్, నేను మోశాం. అడుగడుక్కీ తొణుకుతుంటే సత్తమ్మ పక్కన నడుస్తూ మూత పట్టుకుంది. గడప దగ్గర సారు అడ్డం నిలబడ్డాడు. దానమిచ్చింది తిరిగి ఇంట్లోకి రాకూడదట, వ్రతం చెడుతుందట. ఆ దానం సంగతి పత్రికలో కూడా పడిందట. యాకూబ్ గంగాళం దించి, మెల్లగా, ఇవి మీకు కాదు సారూ, పుట్టబోయే పిల్లకని చెప్పి చూశాడు. ఎవరికైనా సరే గడప దాటొద్దన్నాడు సారు.

సత్తమ్మ గంగాళం మీద మూత సర్ది పెట్టింది. "సరే. గంగాళం దాటొద్దు. మేమే దాటుతం" అంది.

బిడ్డను, మనుమరాలిని, ట్రంకు పెట్టెను తీసుకుని యాకూబ్ కళాయి కొట్టంలోకి పోయింది. యాకూబ్ కొలిమి తిత్తి తీసి చెట్టు కిందికి మార్చుకున్నాడు. గంగాళం మూలన పెట్టారు.

సారు కీర్తి దాంతో ఇంకా పెరిగింది. భార్యాబిడ్డల బంధం కూడా వదులుకున్నాడని మునుగోడు దాకా పాకింది. అక్కడినుంచి ఇద్దరు టీచర్లు సైకిళ్ళ మీద వచ్చి ఆయన ఖాళీ ఇల్లు చూసిపోయారు. ఖాళీ ఇంట్లో పొయ్యి కూడా ఖాళీగానే ఉందని, ఆ త్యాగి రెండు పూటలా పళ్ళెం చేతబట్టుకుని కళాయి కొట్టానికి బువ్వకు పోతాడని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. సత్తమ్మ మాట్లాడకుండా పెట్టేది. ఆయన మాట్లాడుతూ తినేవాడు.

జంగమ్మ ఆ నీళ్ళే తాగింది. వాన పడ్డప్పుడల్లా నింపారు. బషీరున్నీసా తన బిందెలు కూడా పెట్టింది. కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. అప్పటికి వానలు పోయాయి. పాలిచ్చే తల్లికి ఆ నీళ్ళే కావాలి, గంగాళంలో జానెడు మిగిలాయి. ఈ జానెడు అయిపోతే వచ్చే మిరుగం దాకా దారి లేదు. సత్తమ్మ పొద్దునొక చెంబు, మాపునొక చెంబు ముంచి మూత పెట్టి, దానిమీద రాయి పెట్టేది.

ఒక మధ్యాహ్నం, నేను చెట్టు కింద యాకూబ్ దగ్గర కూర్చుని ఉండగా, సారు తిని, చేయి కడిగి, మాట్లాడుతూనే లేచి ఆ రాయి తీశాడు. చెంబు ముంచబోయాడు. అలవాటైన చేయి. సత్తమ్మ వచ్చి మూత మీద చేయి పెట్టింది.

"గివి నీ బిడ్డ నీళ్ళు. నీ నీళ్ళు బోరింగు కాడున్నయి, పో" అంది.

ఆయన నన్ను చూశాడు, యాకూబ్‌ను చూశాడు. యాకూబ్ తిత్తి ఊదుకుంటున్నాడు. సారు బయటికి పోయి బజారులో బోరింగు దగ్గర నిలబడ్డాడు. అక్కడ బిందెలతో ఐదారుగురు ఆడవాళ్ళు. జరిగి జాగా ఇచ్చారు. ఆయన రెండు చేతులా పిడి కొట్టి, నీళ్ళు పడగానే పరుగున ధార వైపుకు వచ్చి దోసిలి పట్టాడు. ఆయన వచ్చేసరికి ధార ఆగింది. మళ్ళీ పోయి కొట్టాడు, మళ్ళీ వచ్చాడు. ఒక చేత్తో కొడుతూ ఒక చేత్తో పట్టుకోవాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"ఉరకకున్రి సారూ, జారి పడ్తరు" అంది ఒకామె.

పిడి కొట్టడానికి ఎవరూ లేవలేదు. నేను కూడా లేవలేదు.