శనివారం బల్ల మీద యుద్ధం, ఆదివారం బురదలో యుద్ధం

ఈ ప్రయాణం మా అమ్మాయి హారిక వంటింట్లో అన్న ఒక మాటతో మొదలైంది. "అమ్మా, నాకు రెండూ కుదరట్లేదు. ఒకటి మానేస్తా. నాన్నకి ఎలా చెప్పాలో తెలీట్లేదు." ఏది మానేస్తుందో నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది.

మావారికి చరిత్రలో జరిగిన యుద్ధాలను చిన్న బొమ్మలతో ఆడే అలవాటు ఉంది. చిటికెన వేలిలో సగం ఎత్తుండే సైనికులకు రంగులు వేసి, బల్ల మీద కొండలూ వాగులూ అమర్చి, టేపుతో కొలుచుకుంటూ, పాచికలు వేస్తూ ఆడతారు. హారిక చిన్నప్పటి నుంచీ ఆ బల్ల దగ్గరే పెరిగింది. రెండేళ్ల క్రితం స్నేహితులతో వెళ్లి లార్ప్ అనే ఇంకో ఆటలో పడింది. అందులో బొమ్మలుండవు. మనుషులే వేషాలు కట్టుకుని, ఫోమ్ కత్తులు పట్టుకుని, పొలాల్లో గుడారాలు వేసుకుని ఒక కథలో బతుకుతారు. తను హాస్పిటల్లో నర్సు. డ్యూటీల రోటా ప్రకారం పూర్తిగా సెలవు దొరికే వీకెండ్ నెలకొకటే. ఆ ఒక్కటీ ఎవరికివ్వాలన్నదే మా ఇంట్లో బయటికి రాని తగువు.

మావారు ఏమీ అనరు. అయితే ఆయన బొమ్మలకు కళ్లు పెట్టేది హారికే. చూపు మందగించాక ఆయనకు అంత సన్నటి చుక్క పెట్టడం చేతకావడం లేదు. గుడిలో విగ్రహానికి చివర్న కళ్లు తెరిపించినట్టు, బొమ్మ పూర్తయ్యేది కళ్లతోనే. హారిక బల్ల దగ్గరికి రాని ఈ కొన్ని నెలల్లో రెండు వరుసల సైనికులు కళ్లు లేకుండానే అరలో నిలబడి ఉన్నారు. నేను రోజూ దుమ్ము తుడిచేటప్పుడు చూసేదాన్ని.

"చెప్పేముందు మీ నాన్నని ఒక్కసారి నీ ఆట చూడనియ్యి," అన్నాను. అదృష్టం కొద్దీ ఆ నెల నాటింగ్‌హామ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో శనివారం బొమ్మల ప్రదర్శన, అక్కడికి గంట దూరంలో డార్బీషైర్ పొలాల్లో ఆదివారం లార్ప్ పడ్డాయి. హారిక లార్ప్ నిర్వాహకులను అడిగి మావారినీ నన్నూ సహాయకులుగా రాయించింది. మావారు మాత్రం ముందు ఒప్పుకోలేదు.

"ఆ రబ్బరు కత్తులాటకి నేనెందుకే? నా నడుం సంగతి తెలుసుగా."

"రబ్బర్ కాదు నాన్నా, ఫోమ్. బొమ్మల బాక్సులు మోసేటప్పుడు నీ నడుం బానే ఉంటుందిగా?"

ఆయన నా వైపు చూశారు. నేను ఉప్మా కలుపుతున్నట్టు ఉండిపోయాను.

శనివారం తెల్లవారకముందే మేముండే హౌన్స్‌లోలో బయల్దేరి ఎం ఇరవై అయిదు మీదుగా ఎం వన్ హైవే ఎక్కాం. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉంటుంది. లెస్టర్ దగ్గర హైవే పక్కన బండ్లు ఆగే సర్వీసెస్‌లో ఆగి, ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఉప్మా కారులోనే కానిచ్చాం. తొమ్మిదికల్లా ప్రదర్శన హాలు చేరాం. చూడడానికి వచ్చేవాళ్లకు టికెట్ ఆరు పౌండ్లు, బల్ల పెట్టేవాళ్లకు లేదు. పార్కింగ్ ఉచితం. స్పోర్ట్స్ హాలు నిండా బల్లలు, బల్లల నిండా సైన్యాలు, వాటి మీదికి వంగిన తెల్ల గడ్డాలు. గట్టిగా మాట్లాడేవాళ్లే లేరు. నాలాంటిదానికి హాయిగా ఉంది.

మావారిది కారెంపూడి దగ్గర పల్లె. ఆయన పెట్టే బల్ల ఎప్పుడూ పల్నాటి యుద్ధమే. నాగులేరు, దాని ఒడ్డున సైన్యాలు, ఒక పక్కగా గోరంత చాప, దాని చుట్టూ కూర్చుని తింటున్న బొమ్మలు. ఒక పెద్దాయన కళ్లజోడు పైకి తోసి ఆ చాపను చూశాడు.

"ఇదేంటి, పిక్నిక్కా?"

"చాపకూడు," అన్నారు మావారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. "ఆ రోజుల్లో ఒక కులం వాళ్లతో ఇంకో కులం వాళ్లు కలిసి తినేవారు కాదు. ఆ సైన్యంలో మాత్రం అందరూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. తిని, కలిసి యుద్ధానికి వెళ్లారు."

"మా రెజిమెంట్‌లో ఆఫీసర్లు వేరే గదిలో తినేవాళ్లు. మాకు మిగిలేది చల్లారిన బంగాళాదుంపలు," అని నవ్వి, ఆయన ఇంకాస్త వంగాడు. "అదిసరే, వెనక ఈ రెండు వరుసలకీ కళ్లు లేవేం?"

"వాళ్లు నిద్రపోతున్నారు," అన్నారు మావారు. పెద్దాయన నవ్వాడు. హారిక నవ్వలేదు.

ఆ రోజు ఎదుటి సైన్యం తనదే. వారమంతా షిఫ్టులు చేసి వచ్చింది. పాచికలు వేస్తోంది, బొమ్మలు జరుపుతోంది, మనసు మాత్రం ఎక్కడో ఉంది. మావారు కాసేపు చూసి, ఆట సగంలో ఉండగానే "ఇంక చాల్లేమ్మా, అలిసిపోయావు, సర్దేద్దాం" అన్నారు. అంత మెత్తగా అనకుండా ఉంటేనే బాగుండేది. తను తల వంచుకుని బొమ్మలను ఒక్కొక్కటే డబ్బాలో పెట్టింది. ఎదురుగా కూర్చుని ఆయన కొండలు సర్దారు.

ఆ సాయంత్రం హోటల్లో ముగ్గురికీ కలిపి ఒకే గది తీసుకున్నాం, డెబ్బై పౌండ్లయింది. గదిలో పొగ పసిగట్టే అలారం ఉంటుంది గనక నేను బ్యాటరీ దీపం తీసుకెళతాను. అదే పెట్టుకుని, వీళ్లిద్దరి మధ్యా మాట తెగిపోకుండా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాను.

ఆదివారం పొలానికి వెళ్లే దారిలో చివరి మైలు, కారులో దారి చూపే సాట్‌నావ్‌ను నమ్మవద్దు. అది మమ్మల్ని ఒక గొర్రెల దొడ్డి ముందుకు తీసుకెళ్లి వదిలింది. కారులో హారిక ఆట నియమాలు చెబుతోంది. నేను మనసులో జపం చేసుకుంటున్నాను, సగమే విన్నాను. పొలం చేరగానే మావారికి ముతక ఉన్ని చొక్కా, తోలు బెల్టు ఇచ్చారు. నా నేత చీరను చూసి గేటు దగ్గరి అమ్మాయి "మీకేం అక్కర్లేదు, మీరు దూరదేశపు రాజ్యం నుంచి వచ్చారు" అంది. నిజమే కదా అనుకున్నాను.

లోపల ఒక గుడారంలో చెట్టు మొద్దును అమ్మవారిలా చెక్కి, ముందు దీపం పెట్టి ఉంది. ఆటలో దేవత అని తెలుసు. దీపం మాత్రం నిజంగానే వెలుగుతోంది. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి తల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గుడారంలో ఉన్నవాళ్లంతా ముఖాలు తిప్పుకున్నారు. ఒకతను నన్ను స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని వెళ్లిపోయాడు. నేను పలకరింపుగా నవ్వినా ఎవరూ చూడలేదు. చేయకూడనిది చేశానా, పరాయిదాన్ననా అని మనసు చిన్నబోయింది. చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి.

ముఖానికి నీలం రంగు పూసుకున్న పూజారి పిల్ల దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "ఆంటీ, ఇక్కడ తల మీద చెయ్యి పెట్టుకుంటే, నేనిప్పుడు నా పాత్రలో లేను, నన్ను చూడనట్టే ఉండండి అని అర్థం. మీరు రెండు చేతులూ పెట్టారు. అందుకే వాళ్లు రెండింతలు చూడట్లేదు!" ఆంటీ అనడం హారిక నేర్పిందట. నేను చేతులు దించగానే గుడారమంతా ఒక్కసారిగా "స్వాగతం" అంది. వెనక మావారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు విని నెలలైంది.

నన్ను వంట గుడారానికి పంపారు. అక్కడ గ్రెగ్ అనే భారీ మనిషి పెద్ద గిన్నెలో పప్పు ఉడికిస్తున్నాడు. రుచి చూడమన్నాడు. నేను మెల్లగా "బాగుంది, కాస్త పోపు పెట్టనా?" అన్నాను. "అదేంటో నాకు తెలీదు లవ్, పెట్టేయండి" అన్నాడు. ఇక్కడివాళ్ల లవ్ అంటే మన అమ్మా అన్న పిలుపు లాంటిదే. నా సంచిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు ఎప్పుడూ ఉంటాయి. పోపు చిటపటలకు బయట కాపలా ఉన్న ఇద్దరు భటులు కత్తులు దూసుకుని లోపలికొచ్చారు.

మధ్యాహ్నం యుద్ధం. హారిక సరిహద్దు దళానికి నాయకురాలు. సహాయకులుగా వచ్చినవాళ్లు శత్రువుల వేషం కట్టాలట, అందుకని మావారు ఎదుటి పక్షంలో, ముఖానికి ఆకుపచ్చ రంగుతో ఉన్నారు. రాత్రి కురిసిన వానకు పొలమంతా బురద. ఇంట్లో టీ కావాలన్నా గొంతెత్తని నా కూతురు "డాళ్లు కలపండి!" అని అరిస్తే కొండ అవతలికి వినిపించింది. మావారు మూడుసార్లు చచ్చిపోయారు. మూడోసారి చంపింది హారికే. ఆయన గడ్డిలో వెల్లకిలా పడి, ఎంతసేపటికీ లేవలేదు. నడుం పట్టేసిందేమోనని పరిగెత్తాను.

"ఏం లేదే," అన్నారు ఆకాశం చూస్తూ. "నా బల్ల మీద చచ్చినవాణ్ణి తీసి డబ్బాలో పెట్టేస్తా. వాడికి ఇంత ఆకాశం కనపడదు."

యుద్ధం అయ్యాక పొడవాటి టార్పాలిన్ పరిచారు. చంపినవాళ్లూ, చచ్చినవాళ్లూ, ఆకుపచ్చ ముఖాలూ, నీలం ముఖాలూ అంతా దాని మీదే కూర్చున్నారు. గ్రెగ్ పప్పు వడ్డిస్తే నేను అన్నం వడ్డించాను. హారిక తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, తన వేలితో ఆయన కనుబొమల మీది బురద తుడిచింది. మావారు ఆ వరుసను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. చాపకూడు అన్న మాట ఆయన అనలేదు. అనకపోయినా నాకు వినిపించింది.

తిరుగు ప్రయాణంలో ఎం వన్ మీద సర్వీసెస్‌లో ఆగాం. మావారు మూడు టీలు తెచ్చి బల్ల మీద పెట్టారు. హారిక కప్పు మూత తీసి పెడుతోంది, తీసి పెడుతోంది. చెప్పబోతోందని నాకు తెలుసు. అప్పుడు ఆయన కుడి చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకున్నారు. చుట్టుపక్కల టీ తాగేవాళ్లు వింతగా చూశారు.

"ఇప్పుడు నేను మీ నాన్నను కాదు. చెప్పాలనుకున్నది చెప్పు."

హారిక కళ్లు నిండాయి. "బొమ్మల షోలకి ఇంక రాలేను. నాకున్నది ఒక్క వీకెండే. ఐ వాంట్ టు బి దేర్, ఆ ఫీల్డ్‌లో. కానీ మా నాన్న హర్ట్ అవుతాడు."

"అవుతాడు," అన్నారాయన, చెయ్యి తియ్యకుండా. "వారం రోజులు ముఖం మాడ్చుకుంటాడు. నేను సర్దిచెబుతాలే."

"కళ్లు మాత్రం నేనే పెడతానని చెప్పండి. షిఫ్ట్ అయ్యాక, వీక్‌డేస్‌లో. ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పండి."

"చెబుతా." అప్పుడు చెయ్యి దించి, చల్లారిన టీ తాగారు.

రెండు ఇష్టాలను సమానంగా తూచి నడపడం ఎవరి వల్లా కాదేమోనని ఇప్పుడనిపిస్తోంది. ఒకటి సెలవునంతా తీసుకుంటుంది, ఇంకోటి బుధవారం సాయంత్రం అరగంటతో సరిపెట్టుకుంటుంది. ఆ అరగంట ఇష్టంగా ఇచ్చినదైతే చాలదా? దేవుడి ముందు నేను నిలబడేదీ రోజుకు అంతసేపే. మొన్న అరలో దుమ్ము తుడుస్తుంటే వెనక వరుసలో నలుగురు సైనికులు నా వైపు చూశారు.

మీరూ ఇలాంటి ఆటకు వెళితే మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, పోపు సామాను తప్పక తీసుకెళ్లండి. అక్కడ దీపం కనబడితే నమస్కారం పెట్టుకోండి, కానీ చేతులు గుండె దగ్గరే ఉంచండి. తల మీద పెట్టుకునేది మనసులో మాట ఎవరైనా చెప్పలేకపోతున్నప్పుడు.